పాఠకుల ప్రశ్నలు: ఎండ ఎంత, గాలి ఎటు?

వాతావరణ శాఖ వేసవి అంచనా పేపర్లలో వచ్చిన దగ్గర్నుంచి ఉత్తరాలన్నీ ఎండ గురించే. అబ్జర్వేటరీలో థర్మామీటర్లు చదువుతూ రిటైరైనవాణ్ణి కాబట్టి సంపాదకులు ఈసారి కట్టంతా నా ముందు పెట్టారు. కొన్నిటికి జవాబులివి.

“ఈ వేసవి సాధారణం కంటే వేడిగా ఉంటుందని చదివాం. మే రెండో వారంలో మా అమ్మాయి పెళ్లి, పగటి ముహూర్తం. ఆ రోజు ఎండ ఎంత ఉంటుంది?” – ఒక తండ్రి, సత్తెనపల్లి

చెప్పలేనండీ. ఇప్పుడే చెప్పగలమని ఎవరైనా అంటే నమ్మకండి. మీరు చదివింది మూడు నెలల సగటు గురించి. 1991 నుంచి 2020 వరకు వేసవుల లెక్క తీసి చల్లటివి, మామూలువి, వేడివి అని మూడు వాటాలు వేస్తారు. ఈ ఏడాది వేడి వాటాలో పడే అవకాశం ఎక్కువ అన్నదే ఆ వార్తకు అర్థం. అలాంటి వేసవిలో కూడా ఒక గాలివాన వచ్చి రెండు రోజులు చల్లబరిచి పోవచ్చు. తేదీ పెట్టి చెప్పాలంటే ముహూర్తానికి అయిదు రోజుల ముందు జిల్లా బులెటిన్ చూడాలి.

అయినా మీది పల్నాడు. రెంటచింతల మీ జిల్లాలోదే. మేలో అక్కడ 44, 45 డిగ్రీలు వార్తే కాదు. అంచనా ఎలా ఉన్నా ఏర్పాట్లు ఎండకే చేసుకోండి. రేకుల షెడ్డు వద్దు, తాటాకు పందిరి మేలు. కాకపోతే అది అంటుకుంటే నిమిషాల్లో పోతుంది. మే మధ్యాహ్నాల్లో మీ వైపు ఎక్కువగా పడమటి గాలి కాబట్టి వంట పొయ్యిలు పందిరికి తూర్పున, బాగా దూరంగా పెట్టించండి. అప్పుడు రవ్వలు పందిరి మీదికి రావు. పక్కనే రెండు డ్రమ్ముల నీళ్లు ఉంచండి. ఈ మాట వంటమేస్త్రీకి ముందే చెప్పాలి, పొయ్యి వెలిగించాక ఎవరూ వినరు.

“నా కారులో 49 చూపించింది. టీవీలో 43 అన్నారు. లెక్క తగ్గించి చెబుతున్నారా?” – రామగుండం పాఠకుడు

ఈ అనుమానం నేను ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ వింటున్నాను. మా థర్మామీటరు తెల్ల రంగు వేసిన, గాలి ఆడే చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున, నీడలో ఉంటుంది. అది కొలిచేది గాలి వేడి. మీ కారు సెన్సరు బంపరు దగ్గర, కాలే తారు రోడ్డుకు జానెడు పైన ఉంటుంది. రెండూ నిజమే. ఊళ్లనూ ఏళ్లనూ పోల్చాలంటే మాత్రం పెట్టెలోని అంకే పనికొస్తుంది.

“మాకు 38 డిగ్రీలే, కానీ ప్రాణం పోతున్నట్టుంది. వడగాల్పుల జాబితాలో మా ఊరు లేదు. ఎందుకు?” – గృహిణి, కాకినాడ

అమ్మా, ఆ జాబితాకు ఒక కొలత ఉంది. మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు ఉండి, ఆ రోజు సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాల్పు. 45 దాటితే సాధారణంతో పనిలేదు. తీరంలో 37 చాలు, కానీ ఆ నాలుగున్నర తేడా ఉండాల్సిందే. మీ ఊళ్లో మే నెల సాధారణమే 37 చుట్టుపక్కల. అందుకే 38 జాబితాకు ఎక్కదు.

ఒంటికి ఈ కొలత తెలియదు కదా. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు తేమలో అది ఆరదు, కారిపోతుంది. నా దృష్టిలో కోస్తా వాళ్లు డిగ్రీ కంటే ముందు గాలి ఎటో చూడాలి. మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి గాలి తిరిగిందా, బతికిపోయాం. లోపలి నుంచి వచ్చే పొడి పడమటి గాలి బలంగా ఉండి దాన్ని అడ్డుకుందా, ఆ రోజే ప్రమాదం. 2015 మే చివర్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. తెలంగాణ మీదుగా వచ్చిన అలాంటి గాలే అప్పుడు కోస్తాను కాల్చింది. ఇంట్లో పెద్దవాళ్లుంటే రాత్రి ఉష్ణోగ్రత కూడా గమనించండి. పగలు కాగిన ఒంటికి రాత్రి తెరిపి దొరక్కపోతే మూడో రోజుకు దెబ్బ తెలుస్తుంది.

“నల్లమలలో మంటలు ఎండకే పుడతాయా? వెదుళ్లు రాసుకుని అంటుకుంటాయని మా తాత చెప్పేవాడు.” – డిగ్రీ విద్యార్థి, ఆత్మకూరు

తాతగారి మాట కొట్టేయను కానీ, మన అడవుల్లో నిప్పు దాదాపు ఎప్పుడూ మనిషి చేతిదే. ఎండ చేసేది కట్టెల్ని సిద్ధం చేయడం వరకే. ఎండలు ముదిరేది మేలో అయినా అడవి ఎక్కువగా తగలబడేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఎందుకంటే ఫిబ్రవరికల్లా టేకు, నల్లమద్ది ఆకు రాలుస్తాయి. బోద గడ్డి నిలువునా ఎండుతుంది. నేలంతా మోకాలి లోతు చిత్తు కాగితాలు పరిచినట్టే. మేలో అప్పుడప్పుడూ పడే జల్లులు ఆ పరుపును కాస్త తడుపుతాయి.

అగ్గి ఎవరు పెడతారు? ఇప్పపువ్వు ఏరడానికి నేల శుభ్రం కావాలని కొందరు, తునికాకు లేత చిగురు వేయాలని కొందరు, పశువులకు కొత్త గడ్డి రావాలని కొందరు. ఆర్పకుండా పడేసిన బీడీ సరేసరి. మీ ఊరి మీదుగానే శివరాత్రికీ, ఉగాదికీ భక్తులు నాగలూటి, పెచ్చెర్వు దారిన శ్రీశైలానికి నడిచి వెళతారు, కర్ణాటక నుంచి మరీ ఎక్కువ. సరిగ్గా ఆకు రాలిన రోజులవి. దారి పక్కన మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకుని, బూడిద మీద నీళ్లు పోయకుండా లేచిపోతే చాలు. 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం కొండలు అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు రావలసివచ్చింది. మంట కొండ పైకి పరుగెడుతుంది. పైనున్న గడ్డి మంట చేరకముందే దాని సెగకు ఎండిపోయి ఉంటుంది.

ఉపగ్రహాలు చూస్తున్నాయిగా అంటారేమో. చూస్తున్నాయి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే నుంచి అటవీ సిబ్బంది ఫోన్లకు మెసేజీ వస్తుంది. కానీ ఉపగ్రహం మన మీదుగా వెళ్లేది రోజులో కొన్నిసార్లే. ఆ మధ్యలో పుట్టిన మంటను ముందు చూసేది మేకల కాపరో, చెంచు గూడెం మనిషో. వాళ్ల ఫోన్‌లో ఆ అడవిని చూసుకునే అటవీ శాఖ బీట్ ఆఫీసర్ నంబరు ఉండటం ముఖ్యం. మీ కాలేజీ కుర్రాళ్లు ఆ ఒక్క పని చేసిపెట్టినా మంచిదే.

“పక్క పొలం వాళ్లు వరి కొయ్యకాళ్లు కాలుస్తున్నారు. మా గడ్డివాము గురించి టెన్షన్‌గా ఉంది.” – రైతు, జగిత్యాల

ఉండాల్సిందే. గట్ల మీద తాటిచెట్లు, ఈతచెట్లు కూడా దీనికే మాడిపోతున్నాయి. కలియదున్ని ఎకరాకు ఒక బస్తా సూపర్ ఫాస్ఫేట్ చల్లితే కొయ్యలు తొందరగా మురుగుతాయని వ్యవసాయాధికారులు చెబుతున్నారు, పక్కవారితో ఆ మాట అని చూడండి. వాము చుట్టూ నాలుగు సాళ్లు దున్ని మట్టి పైకి తేలేలా ఉంచండి. కరెంటు తీగల కింద వాము వేయొద్దు. అంటుకుంటే 101.

“రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఉపాధి పని అప్పుడే ఆపితే సరిపోతుందా?” – కూలీ, మదనపల్లె

సరిపోదమ్మా. 2025లో రుతుపవనాలు మే 24నే కేరళకు వచ్చేశాయి, రోహిణి మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే రాయలసీమలోనూ అడుగుపెట్టాయి. కార్తె ఏటా ఒకేలా ఉండదు. నేను ఎక్కువ భయపడేది ఏప్రిల్‌లో తొలి ఎండలకు. అప్పటికి ఒళ్లు అలవాటు పడి ఉండదు, దానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. పని ఆరింటికే మొదలుపెట్టి పదకొండుకల్లా ముగించమని పని చూసే మేట్‌ను అడగండి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం గడ్డపార ఇవ్వకుండా మట్టి ఎత్తే పనిలో సగం పూటే పెట్టమనండి. ఎవరైనా తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే మజ్జిగ తాగించే ప్రయత్నం చేయకండి. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి.