ఇంటర్ స్కూల్లో కాకుండా కాలేజీలోనే ఎందుకు?

మన దగ్గర ఇంటర్ స్కూలుకి కొనసాగింపుగా రాలేదు, యూనివర్సిటీ చదువులో మొదటి మెట్టుగా పుట్టింది. అందుకే విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా పిల్లలు పది పాసయ్యాక టీసీ పట్టుకుని జూనియర్ కాలేజీకి వెళ్తారు. మద్రాసు యూనివర్సిటీ కాలంలో మెట్రిక్ తర్వాత ఎఫ్.ఏ. (ఫస్ట్ ఆర్ట్స్) అనే కాలేజీ కోర్సు ఉండేది. గురజాడ అప్పారావు గారు 1884లో ఎఫ్.ఏ. పాసైంది విజయనగరం మహారాజా కాలేజీలోనే. తర్వాతి దశల్లో అది ఇంటర్మీడియట్‌గా, ఏడాది పి.యు.సి. (ప్రీ-యూనివర్సిటీ కోర్సు)గా మారింది. 1969-70లో ఇప్పటి రెండేళ్ల ఇంటర్ మొదలై, 1971లో దానికి ప్రత్యేక బోర్డు వచ్చింది.

కాలేజీ అన్నారు కదా అని ఇది డిగ్రీలో భాగమనీ, సీబీఎస్ఈ ప్లస్ టూ వేరే స్థాయి అనీ చాలామంది తల్లిదండ్రులు టెన్షన్ పడతారు. అదేం లేదు. ఇంటర్ అంటే 11, 12 తరగతులే.