స్పీడ్ సంగతి తర్వాత, ముందు కాలు విప్పి చూడు

తల్లీ,

నీ మెసేజ్ చదివాను. రెండేళ్ళ కిందట గోడ పట్టుకుని సైకిలెక్కిన పిల్లవి ఇప్పుడు మొదటి అంతర్జాతీయ పారా సైక్లింగ్ పోటీకి వెళ్తున్నావంటే, పొద్దుట్నుంచీ ఆ మెసేజే తీసి తీసి చూసుకుంటున్నాను. ఇంకా స్పీడ్ పెరగాలంటే ఏం చెయ్యాలని అడిగావు. చెప్తాను గానీ ముందు నీ స్టంప్ సంగతి, అంటే మోకాలి కింద తీసెయ్యగా మిగిలిన కాలి సంగతి మాట్లాడాలి.

రైడ్ అవ్వగానే ఎన్ని కిలోమీటర్లు, ఎంత యావరేజ్ అని ఫోన్ తియ్యకు. ముందు కృత్రిమ కాలు విప్పు. స్టంప్‌కు వేసుకునే మెత్తటి తొడుగు ఉందే, ఆ లైనర్ తిరగేస్తే చెమట ధారగా కారుతుంది చూడు, అదంతా తుడిచేసి, చిన్న అద్దం కింద పెట్టి స్టంప్ చివర, ఎముక తగిలే చోట, మోకాలి వెనక మడతలో జాగ్రత్తగా చూసుకో. కృత్రిమ కాలిలో స్టంప్ ఇమిడే గిన్నె, అంటే సాకెట్ ఒత్తిడికి కాస్త ఎర్రబడటం మామూలే, కానీ ఆ ఎరుపు పదిహేను ఇరవై నిమిషాల్లో తగ్గకపోతే మర్నాడు సైకిల్ ఎక్కొద్దు, సాకెట్ చేసినవాళ్ళకు చూపించు. నేనొకసారి అలాంటి మచ్చ చూసి కూడా, ఆదివారం రేసుందని ప్లాస్టర్ వేసుకుని తొక్కాను. పుండు పడింది. ఆరు వారాలు సైకిల్ ముట్టుకోలేదు, ఆ సీజనంతా పోయింది. ఆ రేసులో ఎన్నో స్థానం వచ్చిందో గుర్తు లేదు గానీ ఆ మచ్చ ఎక్కడ పడిందో ఇప్పటికీ వేలు పెట్టి చూపించగలను.

పొద్దున బిగుతుగా ఉన్న సాకెట్ మధ్యాహ్నానికి వదులవుతుంది, స్టంప్ రోజంతా ఒకేలా ఉండదు కదా. అందుకే రేసు ఏ టైముకుంటే కొన్నాళ్ళు ఆ టైముకే ప్రాక్టీస్ చెయ్యి, ఆ వదులు పోవడానికి స్టంప్ మీద ఎన్ని సాక్స్ వేస్తే సరిపోతుందో అప్పుడు తెలుస్తుంది.

ఇక స్పీడ్. నువ్వు ఎంత బలంతో తొక్కుతున్నావో వాట్స్‌లో చూపించే నీ పవర్ మీటర్ ఒక పక్కే కొలిచే రకమా? అవి ఎక్కువగా ఎడమ క్రాంక్ మీదే, అంటే ఎడమ పెడల్ బిగించే కడ్డీ మీదే ఉంటాయి, అక్కడ వచ్చిన అంకెను రెండింతలు చేసి చూపిస్తాయి. నీకు పాదం లేనిది ఎడమ పక్కనే. కుడికాలు 150 వాట్స్, ఎడమకాలు 90 ఇస్తుంటే నువ్వు తొక్కేది 240, మీటర్ మాత్రం 180 అంటుంది. పవర్ పెరగట్లేదని ఈ మధ్య నువ్వు దిగులు పడుతున్నావే, అది సగం ఈ లెక్కేనేమో అని నా అనుమానం. రెండు పక్కలా కొలిచేది దొరికితే దానిమీద ఒక్క వారం తొక్కి చూడు. రెండు కాళ్ళూ సమానం చెయ్యాలని మాత్రం ఎడమకాలిని హింస పెట్టకు, చీలమండ కదలని కాలు ఎప్పటికీ కొంచెం తక్కువే ఇస్తుంది. ఆ పక్క క్రాంక్ కాస్త పొట్టిది వేయించి చూస్తే మోకాలు అంత మడవక్కర్లేదు, నాకైతే దానివల్లే నడుము నొప్పి పోయింది.

క్లాసిఫికేషన్, అంటే వైకల్యాన్ని బట్టి ఏ క్లాసులో పోటీ పడాలో తేల్చే పరీక్ష, టెన్షన్‌గా ఉందన్నావు. సైకిల్ తొక్కేవాళ్ళకు సీ1 నుంచి సీ5 దాకా క్లాసులు, అంకె తగ్గేకొద్దీ వైకల్యం ఎక్కువని అర్థం. మోకాలి కింద ఒక కాలు లేనివాళ్ళను మామూలుగా సీ4లో వేస్తారు. కాగితాలు చూస్తారు, శరీరాన్ని పరీక్షిస్తారు, అవసరమైతే రేసులో కూడా గమనిస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఉన్నంత బలంతో చూపించు. నొప్పి ఉంటే దాచొద్దు, లేనిది నటించొద్దు. కాస్త తగ్గించి చూపిస్తే కింది క్లాసు వస్తుందని చెప్పేవాళ్ళు ఎక్కడో ఒకచోట తగులుతారు, వాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చెయ్. అది నిషేధం పడే తప్పు, పైగా నిజంగా ఆ క్లాసుకు చెందిన ఇంకో పిల్ల స్థానం లాక్కున్నట్టు.

ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీ పడే టైమ్ ట్రయల్లో నీ తప్పు నాకు తెలుసు, మొదటి రెండు కిలోమీటర్లు ప్రాణం పెట్టి తొక్కేస్తావు. ముందువాళ్ళ వెనక చేరి గాలి తప్పించుకోవడం అక్కడ కుదరదు, మొదట్లో ఖర్చు చేసింది తిరిగి రాదు. మొదటి మూడో వంతు "ఇంత నెమ్మదిగానా" అనిపించేలా వెళ్ళు.

ఈసారి పతకం రాకపోతే ఎలా అని కూడా రాశావు. బ్రిటన్ క్రీడాకారిణి సారా స్టోరీ 1992 బార్సిలోనా పారాలింపిక్స్‌కు ఈతగత్తెగా వెళ్ళింది, 2005లో సైక్లింగ్‌కు మారింది, 2024 పారిస్ నాటికి ఆమె స్వర్ణాలు 19, అందులో 14 సైక్లింగ్‌వే. ముప్పై రెండేళ్ళు. నీకింకా రెండేళ్ళే అయ్యాయి తల్లీ.

ప్రయాణంలో రేసు కాలునీ, ఇంకో లైనర్‌నీ చేతి బ్యాగులోనే పెట్టుకో, లగేజీలో వెయ్యకు. సైకిల్ ఆలస్యంగా వచ్చినా ఇంకొకటి అడిగి తొక్కొచ్చు, కాలు అలా దొరకదు. విమానంలో స్టంప్ వాస్తుంది, కాలు విప్పేస్తే బిగుతు సాక్ వేసుకుని కూర్చో.

దిగిన రోజు రాత్రి అద్దంలో చూసుకుని స్టంప్ ఎలా ఉందో నాకు మెసేజ్ పెట్టు. రిజల్ట్ తర్వాత చెప్పొచ్చు.