గెడ్డ మీద తూనీగలు ఎగురుతుంటే నీళ్లు శుభ్రమైనట్టేనా?

మీరు అడిగినవి రెండు. కాలేజీ వెనక గెడ్డ మీద తూనీగలు గుంపులుగా ఎగురుతున్నాయి కాబట్టి నీళ్లు బాగున్నట్టేనా అన్నది ఒకటి. ల్యాబ్ లేకుండా డిగ్రీ పిల్లల చేత ఆ గెడ్డనీ గోస్తని నదినీ పోల్చి చూపించొచ్చా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు: కాదు. ఎగిరే తూనీగ ఎక్కడ పుట్టిందో మనకు తెలీదు. వానలు తగ్గే రోజుల్లో విశాఖలో దండుగా కనిపించే పసుపు తూనీగ, పాంటాలా, వలస జీవి. వాననీటి గుంటల్లో పెరిగి ఎంతో దూరం వెళ్లిపోతుంది. మీరు చూడాల్సింది నీళ్లలో ఉన్న పిల్ల పురుగుని. అందులోనూ నీళ్లలో కరిగిన ఆక్సిజన్ మీదే ఆధారపడే వాటిని. నీటి మీద పరుగులు తీసేవి, మునిగి తేలే నల్ల పెంకు పురుగులు, దోమ పిల్లలు పైగాలి పీల్చి బతికేస్తాయి. మురుగులో ఆక్సిజన్ అడుగంటినా వాటికి లోటు లేదు. అవి కనిపించాయని మురిసిపోకండి, కనిపించలేదని దిగులూ పడకండి.

రెండోదానికి: నీళ్లలోని పురుగుల్ని పట్టి లెక్కిస్తే ల్యాబ్ లేకుండా భేషుగ్గా చేయొచ్చు. కాకపోతే పోలిక గెడ్డకీ గోస్తనికీ మధ్య కాదు, ఎందుకో కింద చెబుతాను. ఒక విధంగా నీళ్లు పరీక్షించే కిట్ కంటే ఇదే నయం. కిట్ మీరు ముంచిన క్షణం సంగతి చెబుతుంది. రాత్రి ఎవరో వదిలిన మురికి పొద్దుటికి కొట్టుకుపోతే దానికి చిక్కదు. వారాలు, నెలల తరబడి అదే రాయి కింద ఉండాల్సిన పురుగు మాత్రం ఆ దెబ్బకు పోతుంది, వెంటనే తిరిగి రాదు.

వల రంధ్రం 0.5 మి.మీ. ఉండాలి. దోమతెర గుడ్డ వాడొద్దు, చిన్న పిల్ల పురుగులన్నీ జారిపోయి ఫలితం తప్పుతుంది. వల మూతి ప్రవాహానికి ఎదురుగా పెట్టి, దానికి ఎగువన మడమతో అడుగు రాళ్లను కెలకండి. మొత్తం 3 నిమిషాలు. ఆ సమయాన్ని రాళ్ల మీద పారే చోటు, గట్టు గడ్డి, కుళ్లిన ఆకుల కుప్ప, ఇలా ఉన్న చోట్లన్నిటికీ పంచండి. చివర్లో ఒక నిమిషం చేత్తో రాళ్లు తిరగేసి, అంటుకున్నవి తీయండి. దిగువ నుంచి ఎగువకు నడవండి, లేకపోతే మీరే కెలికిన నీళ్లలో మళ్లీ వల వేస్తారు. పట్టినదంతా తెల్ల ట్రేలో రెండు సెంటీమీటర్ల నీళ్లలో వదిలి కాసేపు కదపకుండా ఉంచితే పురుగులు వాటంతట అవే కదులుతాయి. తూనీగ పిల్లల్ని వెంటనే వేరే గిన్నెలోకి తీయాలి. ఆలస్యమైతే మీ లెక్కను అవే తినేస్తాయి!

గుర్తుపట్టేటప్పుడు మురికిని అంతగా తట్టుకోలేని మూడు రకాల పురుగుల మీద దృష్టి పెట్టండి: మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్‌ఫ్లై. మేఫ్లై పిల్లకు పొట్ట పక్కల ఆకుల్లాంటి మొప్పలు, ఎక్కువగా మూడు తోకలు, కాలికి ఒక్క గోరు. స్టోన్‌ఫ్లైకి రెండే తోకలు, కాలికి రెండు గోళ్లు. క్యాడిస్‌ఫ్లైలో కొన్ని ఇసుక రేణువులతోనో పుల్లలతోనో గూడు కట్టుకుని అందులో ఉంటాయి, కొన్ని రాళ్ల మధ్య వల అల్లుతాయి. సన్న తూనీగ పిల్లకూ చివర మూడు ఆకులుంటాయి, అక్కడే విద్యార్థులు మేఫ్లై అని పొరబడతారు. పొట్ట పక్కల మొప్పలు లేకపోతే అది మేఫ్లై కాదు. రక్తంలా ఎర్రగా మెలికలు తిరిగేవి కైరోనోమిడ్ పిల్లలు. ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ తక్కువైనా తట్టుకుంటాయి.

మార్కులకు బ్రిటన్‌లో పుట్టిన బీఎండబ్ల్యూపీ పట్టిక వాడండి. ఒక్కో పురుగుల కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కు, మురికిని తట్టుకోలేని దానికి ఎక్కువ. ఎన్ని పురుగులు దొరికినా ఒక్కసారే. మురుగు కలిసే చోటుకు ఎగువన హెప్టజెనిడే (మేఫ్లై కుటుంబం, 10), పెర్లిడే (స్టోన్‌ఫ్లై, 10), హైడ్రోప్సైకిడే (క్యాడిస్‌ఫ్లై, 5), బీటిడే (మరో మేఫ్లై, 4), కైరోనోమిడే (2) దొరికాయనుకోండి. మొత్తం 31, అయిదుతో భాగిస్తే సగటు 6.2. దిగువన బీటిడే, జలగలు (3), కైరోనోమిడే, ఎర్రలు (1) మాత్రమే ఉంటే 10ని నాలుగుతో భాగించి 2.5. సగటు ఎక్కువుంటే నీళ్లు మెరుగన్నట్టు. నేనైతే మొత్తం కంటే సగటునే నమ్ముతాను. ఎక్కువసేపు వెతికితే మొత్తం పెరుగుతుంది, సగటు అంతగా కదలదు.

అసలు తప్పులు జరిగేది పోల్చే చోటే. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా తాటిపూడి జలాశయానికి దిగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ మీది చల్లని రాతి నీళ్లను కింద ఇసుక ఏటితో పోల్చి, స్టోన్‌ఫ్లై లేదు కాబట్టి కాలుష్యమని రాస్తే తప్పు. వెచ్చని ఇసుక అడుగులో అది ఎలాగూ ఉండదు. మురుగు కలిసే చోటుకు కాస్త ఎగువన, కాస్త దిగువన, ఒకే రకం అడుగున్న రెండు చోట్లు తీసుకోండి. మీ గెడ్డను కూడా గోస్తనితో కాకుండా దాని ఎగువ భాగంతోనే పోల్చండి. భీమిలి దగ్గర ఆటుపోట్ల ఉప్పునీరు ఎక్కే భాగంలో ఈ పట్టిక అసలు పనిచేయదు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి సమయం. గట్టి వాన పడితే రెండు మూడు వారాలు ఆగండి, వరద మంచి నీళ్లలోని పురుగుల్నీ ఊడ్చేస్తుంది. నీళ్లు తేటగా ఉండి, నత్తలు, ఎర్రలు బాగానే ఉండి, పురుగులు మాత్రం మాయమైతే మురుగును కాక పొలాల మందును అనుమానించండి. పురుగుమందు ముందు పురుగుల్నే తీస్తుంది. అప్పుడు సగటు అంకె ఒక్కటే రాసి వదలకుండా ఏ కుటుంబాలు పోయాయో కూడా రాయండి. ఊళ్లోని గెడ్డలో దిగేటప్పుడు పిల్లలకు గమ్‌బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి. కాలికి గాయమున్న వాళ్లకు గట్టు మీద ట్రే పని అప్పగించండి.