కేలీకి పిలిచారు, ఆట రాదు, వెళ్లాలా? – ఎడిన్‌బరో తమ్ముడికి జవాబు

వెళ్లు తమ్ముడూ, తప్పకుండా వెళ్లు. కేలీ అంటే ఫిడేలు వాయిస్తుంటే అందరూ కలిసి ఆడే స్కాట్లాండ్ నాట్యాల సాయంత్రం, అంతే. స్కాట్లాండ్‌లో చలికి జాకెట్ ఉంది, ఖర్చులకు పార్ట్‌టైం ఉంది (ఎన్ని గంటలు చేయొచ్చో నీ వీసా రూల్స్‌లో చూసుకో). ఒంటరితనానికే మందుల షాపులో ఏమీ దొరకదు. డిసెంబర్‌లో మూడున్నర దాటితే చీకటి. అప్పుడు గదిలో దుప్పటి కప్పుకుని ఇంటికి వీడియో కాల్ చేస్తూ కూర్చుంటే మనిషి కుంగిపోతాడు.

నాకు జరిగింది అదే. వచ్చిన కొత్తలో కేలీకి వెళ్లి, కోటు కూడా విప్పకుండా గోడ పక్కనే నిలబడ్డాను. పరాయి ఆడవాళ్ల చెయ్యి పట్టుకోవాలంటే మొహమాటం. ఒక పెద్దావిడ తనే వచ్చి పిలిస్తే తల అడ్డంగా ఊపాను. ఆ చలికాలమంతా ఫ్లాట్‌లోని తెలుగువాళ్లతో తప్ప ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడింది లేదు. మరుసటి ఏడాది ధైర్యం చేసి చెయ్యి అందించాను. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకు అడుగులు నేర్పేది నేనే.

ఎయిట్‌సమ్ రీల్ అనే ఆట వచ్చినప్పుడు మాత్రం కూర్చోకు. నాలుగు జంటలు, ఎనిమిది మంది. మొదట అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతారు. తర్వాత ఒక్కొక్కరే మధ్యలోకి వస్తారు, మిగతా ఏడుగురూ చుట్టూ తిరుగుతారు. మధ్యలో ఉన్నవాళ్లు తమ జతకు ఎదురుగా అడుగులు వేసి, చేతులు పట్టుకుని ఒక చుట్టు తిరిగి, ఎదుటివైపు వాళ్లతోనూ అలాగే చేసి, ఆ ఇద్దరి మధ్య ఎనిమిది అంకెలా అల్లుకుంటూ వెళ్తారు. ముందు ఆడవాళ్లు, తర్వాత మగవాళ్లు. నీ వంతు వచ్చేసరికి ఏడుసార్లు చూసో నాలుగుసార్లు చూసో ఉంటావు, భయమేం లేదు. కోలాటం ఆడినవాడివైతే ఇంకా సులువు. తప్పు వేస్తే పక్కవాళ్లే భుజం పట్టి తిప్పుతారు. మీ బ్యాచ్ వాళ్లు యూట్యూబ్ చూస్తే చాలనుకుంటారు, కాళ్లకు అలా రాదు.

ఫిడేలు మన కచేరీలోలా సాగదీసి వాయించరు. కమాను పొట్టి పొట్టిగా, చకచకా కదులుతుంది. విరామంలో ఆ వాయించేవాళ్ల దగ్గరికి వెళ్లి ‘ది ఫెయిరీ డాన్స్’ గురించి అడుగు. నథానియల్ గౌ 1802లో ఫైఫ్ హంట్ బాల్ (ఫైఫ్ ప్రాంతపు వేటగాళ్ల సంఘం నాట్యోత్సవం) కోసం కట్టిన రీల్, అంటే చకచకా సాగే నాట్యపు బాణీ అది. వాళ్ల నాన్న నీల్ గౌ (1727–1807) పెర్త్‌షైర్‌లో పేరుమోసిన ఫిడేలు విద్వాంసుడు. ఆ పేరెత్తితే నిన్ను అరగంట వదలరు, నీకు కావలసిందీ అదే.

మడమ లేని బూట్లు వేసుకో, స్వెటర్ కింద పలచటి చొక్కా ఉంచుకో, చెమటలు పడతాయి. మందు తాగాలన్న బలవంతం ఏమీ ఉండదు. ఫ్లాట్‌మేట్స్ అందరూ గుంపుగా వెళ్లి ఒకే సెట్‌లో (ఆ ఎనిమిది మంది గుంపులో) మాత్రం నిలబడకండి.