నాన్నకు చెప్పకుండా క్లినికల్ ట్రయల్‌లో చేర్పించవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నాన్నగారికి 58 ఏళ్లు, కొబ్బరి తోట ఉంది. రెండేళ్ల కిందట నడుం నొప్పి, నీరసం మొదలైతే మా ఉద్దానంలో అందరికీ వచ్చే కిడ్నీ జబ్బే అనుకున్నాం. విశాఖపట్నంలో పరీక్షలు చేసి మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మూలుగలో పుట్టే ఒక రక్త క్యాన్సర్ అన్నారు. పొట్ట మీద ఇంజెక్షన్లు, మాత్రలతో ఏడాదిన్నర బాగానే ఉన్నారు. ఇప్పుడు మళ్లీ తిరగబెట్టిందంటున్నారు. కొత్త మందు మీద ట్రయల్ జరుగుతోంది, ఆలోచించుకోండి అని ఒక ఫారం ఇచ్చారు. మా బాబాయి మాత్రం ‘మన మీద ప్రయోగాలు చేయడానికి మనమేమైనా ఎలకలమా’ అని కోప్పడుతున్నారు. నాన్నకు క్యాన్సర్ అని మేం చెప్పలేదు, రక్తంలో ఇన్ఫెక్షన్ అని చెప్పాం. ఆయన బదులు నేను సంతకం పెట్టవచ్చా? ట్రయల్‌లో ఉత్తుత్తి మాత్రలు ఇస్తారట, నిజమేనా? ముంబయిలో తయారుచేసిన కార్-టీ చికిత్స నాన్నకు పనికొస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక కూతురు, కవిటి మండలం

సలహా: అమ్మా, సంతకం సంగతి ముందు చెబుతాను. మీరు పెట్టకూడదు. మీ నాన్నగారు స్పృహలో ఉన్నారు, తన మంచిచెడ్డలు తాను ఆలోచించుకోగలరు. అలాంటి మనిషి బదులు కూతురు గానీ, కొడుకు గానీ, భార్య గానీ ఒప్పుకోవడం చెల్లదు. ఆ ఫారంలో జబ్బు పేరు, కొత్త మందు వివరం, దానివల్ల రాగల ఇబ్బందులు, ట్రయల్‌లో చేరకపోతే ఉన్న వేరే చికిత్సలు అన్నీ ఉంటాయి. అది ఆయనకు అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులో ఉండాలి. చదవలేనివారికైతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించి, వివరించి వేలిముద్ర తీసుకోవాలి. తనకు రక్తంలో ఇన్ఫెక్షన్ అనుకుంటున్న మనిషి ముందు ఈ ఫారం పెట్టలేం కదా. ట్రయల్ మాట ఎత్తాలంటే ముందు జబ్బు మాట ఆయనకు చెప్పాలి. ఎలా చెప్పాలో తర్వాత రాస్తాను.

ఇక మీ బాబాయిగారి కోపం. దాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వ్యాక్సిన్ అధ్యయనం ఒకటి జరిగింది. హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు ఒప్పుకోలు పత్రాల మీద సంతకాలు పెట్టారని బయటపడింది. 2010లో ఆ అధ్యయనాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. నేను చదువుకునే రోజుల్లో కూడా ఒక పెద్ద ఆస్పత్రిలో ఒక ముసలాయనకు ఒక్క ముక్క చెప్పకుండా కాగితాల మీద వేలిముద్ర వేయించడం చూశాను. అప్పుడు నోరెత్తలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఆ తర్వాత నియమాలు బిగించారు. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు. ట్రయల్‌ను రోగుల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. కొత్త మందు మీద ట్రయల్ అయితే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి కూడా ఉండాలి. పేదరికం వంటి కారణాలతో కాదనలేని స్థితిలో ఉన్నవారిని సరికొత్త ఔషధం ట్రయల్‌లో చేర్చుకునేటప్పుడు, ఒప్పుకోలు తంతును వీడియో తీసి దాచాలి. ట్రయల్ కారణంగా మనిషికి హాని జరిగితే చికిత్స ఉచితంగా చేయించాలి, నష్టపరిహారం ఇవ్వాలి. వివరాలన్నీ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, అంటే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో నమోదు కావాలి. 2009 జూన్ నుంచి ఇది తప్పనిసరి. మీకు ఇచ్చిన ట్రయల్ నమోదు నంబరు అడిగి, ఫోన్‌లోనే వెతికి చూడండి. నంబరు చెప్పడానికి తటపటాయిస్తే అక్కడితో ఆగిపోండి.

బాబాయిగారికి ఒక మందు కథ చెప్పండి. థాలిడోమైడ్ అని 1957లో జర్మనీలో నిద్రకూ, గర్భిణుల వేవిళ్లకూ అమ్మారు. సరిగ్గా పరీక్షించకుండా బజారులోకి వదిలారు. చేతులూ కాళ్లూ సరిగా ఎదగని బిడ్డలు అనేక దేశాల్లో వేలమంది పుట్టారు. 1961లో మందును వెనక్కి తీసుకున్నారు. ఈ రోజు ప్రపంచమంతా ట్రయల్స్ మీద ఉన్న కట్టుదిట్టమైన చట్టాల్లో చాలావాటికి ఆ పసిపిల్లలే కారణం. అదే థాలిడోమైడ్‌ను అమెరికాలో, అప్పటికే ఎన్నో చికిత్సలు వాడి ఇక దారి లేదన్న 84 మంది మైలోమా రోగులకు ఇచ్చి చూశారు. దాదాపు మూడోవంతు మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితం 1999లో వెలువడింది. మన దగ్గర మైలోమాకు ఇస్తున్న మాత్రల్లో థాలిడోమైడ్, దాని చెల్లెలులాంటి లెనాలిడోమైడ్ ఇప్పటికీ ముఖ్యమైనవి. మీ నాన్నగారికి పొట్ట మీద వేసిన ఇంజెక్షన్ బహుశా బోర్టెజోమిబ్. దానికి అమెరికాలో అనుమతి వచ్చింది 2003లో. నాన్నగారు తోటలో తిరిగిన ఆ ఏడాదిన్నర వెనుక, ఎక్కడో ట్రయల్‌లో చేరిన ఎవరెవరో ఉన్నారు.

ఇందులో మన తెలుగువాళ్ల పాలు కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పనిచేస్తూ, తన బృందంతో అమినోప్టెరిన్ అనే మందును తయారుచేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్‌తో చావుకు దగ్గరపడిన 16 మంది పిల్లలకు ఇచ్చారు. పదిమందికి తగ్గింది. 1948లో ఆ సంగతి ప్రచురించారు. ఆ పిల్లలకు జబ్బు మళ్లీ తిరగబెట్టింది. అయినా డాక్టర్లు వదల్లేదు, ఒక మందుకు మరో మందు కలిపి ట్రయల్ వెంట ట్రయల్ చేస్తూ వచ్చారు. ఇప్పుడు మంచి కేంద్రాల్లో చికిత్స చేయిస్తే పిల్లల్లో వచ్చే ఆ రకం రక్త క్యాన్సర్ చాలామందికి పూర్తిగా నయమవుతోంది.

ఇంత చెప్పాక ఒక నిజం దాచకూడదు. ట్రయల్ అంటే మెరుగైన చికిత్స అని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొత్త మందు పాతదానికంటే మంచిదని ముందే తెలిస్తే ట్రయల్ అవసరమే ఉండదు. అందుకే అది ఎన్నో దశ ట్రయలో అడగండి. మొదటి దశలో ఎంత మోతాదు వరకు శరీరం తట్టుకుంటుందో చూస్తారు, అక్కడ రోగికి మేలు కలగవచ్చు, కలగకపోవచ్చు. రెండో దశలో మందు ఈ జబ్బు మీద పనిచేస్తోందా అని చూస్తారు. మూడో దశలో వాడుకలో ఉన్న చికిత్సతో పోలుస్తారు. ఎవరికి ఏది అనేది లాటరీలాగా కంప్యూటర్ తేలుస్తుంది, డాక్టరు చేతిలో కూడా ఉండదు. ఉత్తుత్తి మాత్రల భయం ఇక్కడే వస్తుంది. ప్రాణం మీదికి వచ్చే క్యాన్సర్లలో, మంచి చికిత్స ఉండగా అది ఆపేసి ఒట్టి పిండి మాత్రలు ఇవ్వడానికి ఎథిక్స్ కమిటీలు ఒప్పుకోవు. మామూలుగా ఒక జట్టుకు వాడుకలో ఉన్న మందులు, రెండో జట్టుకు వాటితోపాటు కొత్త మందు ఇస్తారు. మొదటి జట్టులో పడినా చికిత్స అందుతుంది.

ట్రయల్ కాకపోతే ఏమిటి అన్నది తప్పకుండా అడగండి. తిరగబెట్టిన మైలోమాకు ఇప్పుడు దారులున్నాయి. డారటుముమాబ్, కార్ఫిల్‌జోమిబ్, పోమాలిడోమైడ్ అనే మందులు మన దేశంలో దొరుకుతున్నాయి. పోమాలిడోమైడ్ జెనరిక్‌గా రావడంతో ధర కొంత దిగింది. ఒంట్లో ఓపిక ఉన్నవారికి సొంత మూలకణాలతో మార్పిడి కూడా ఆలోచిస్తారు. వీటిలో మీకు ఏది అందుబాటులో ఉందో, ఎన్టీఆర్ వైద్య సేవలో (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) ఏది వస్తుందో తెలుసుకుని, దాని పక్కన పెట్టి ట్రయల్‌ను తూచండి.

డబ్బు విషయం. ట్రయల్ మందు, దానికోసం అదనంగా చేసే పరీక్షలు రోగి జేబు మీద పడకూడదు. మీకు అసలు ఖర్చు ప్రయాణాలది. కవిటి నుంచి విశాఖకు పదేపదే రావాలంటే రైలు చార్జీలు, ఇద్దరి తిండి, ఒక్కోసారి రాత్రి బస, తోటలో పోయే పని రోజులు అన్నీ లెక్కే. ఎన్ని సార్లు రావాలి, చార్జీలు ఇస్తారా అన్నది నోటిమాటగా కాకుండా ఫారంలో చూపించమనండి. రాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు కూడా. చేరాక ఏ రోజైనా మానేయవచ్చు, మానేసినందుకు మామూలు వైద్యం ఆపరు.

కార్-టీ గురించి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి అభివృద్ధి చేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. రోగి రక్తంలో రోగనిరోధక శక్తినిచ్చే సొంత టీ-కణాలను బయటకు తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా మార్చి, తిరిగి ఎక్కించే చికిత్స అది. మన దేశంలో ఇది సాధ్యమైనందుకు డాక్టరుగా నాకెంతో సంతోషం. కానీ అది వెతికేది సీడీ19 అనే గుర్తు ఉన్న కణాలను, అంటే బి-కణాల ల్యుకేమియా, లింఫోమా అనే రక్త క్యాన్సర్లను. మైలోమా కణాల మీద సాధారణంగా ఆ గుర్తు ఉండదు. మైలోమాకు బీసీఎంఏ అనే మరో గుర్తును పట్టుకునే కార్-టీ కావాలి. విదేశాల్లో అలాంటివాటికి 2021 నుంచి అనుమతులు వచ్చాయి. కాబట్టి పేపర్లో వచ్చిన వార్త చూసి ముంబయికి టిక్కెట్లు తీయకండి.

మీ ఊరి సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. ఉద్దానంలో రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే కొలత) పెరిగితే ‘ఇది మన నీళ్ల జబ్బే’ అని అందరూ సర్దుకుపోతారు. మైలోమా కూడా కిడ్నీలను పాడుచేస్తుంది. ఆ కణాలు తయారుచేసే ప్రొటీన్ ముక్కలు కిడ్నీలోని సన్నని గొట్టాల్లో గడ్డకట్టి దారి మూసేస్తాయి. నలభై దాటినవారిలో కిడ్నీ సమస్యతోపాటు వదలని నడుం నొప్పి, రక్తం తక్కువ కావడం కనిపిస్తే, సీరమ్ ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్త పరీక్ష చేయాలా అని డాక్టరును అడగమని మీ ఊళ్లో నలుగురికీ చెప్పండి. మీ నాన్నగారి విషయంలో కిడ్నీలకు ఇంకో లెక్క కూడా ఉంది. చాలా ట్రయల్స్‌లో కిడ్నీ పనితీరు ఒక స్థాయి కంటే తగ్గితే చేర్చుకోరు. ఆయన్ను వద్దంటే నిరాశపడకండి, ఆ మందు ఆయన కిడ్నీలకు బరువవుతుందనే అలా పెట్టి ఉంటారు. నడుం నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్‌లాంటి మాత్రలు మాత్రం కొనివ్వకండి. కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము నొక్కుకుపోతోందేమోనని అనుమానించి ఆ రోజే ఆస్పత్రికి చేర్చండి.

ఇప్పుడు నాన్నగారికి చెప్పడం. మీరు ప్రేమతోనే దాచారు, అది నాకు అర్థమవుతోంది. కానీ వారం వారం పొట్ట మీద ఇంజెక్షన్ వేయించుకుని, ఆ వార్డులో పక్క మంచాల వాళ్లతో మాటలు కలిపిన మనిషికి ఏమీ తెలియదని నేననుకోను. ‘నాకు తెలుసని మా పిల్లలకు చెప్పకండి డాక్టర్ గారూ’ అని తండ్రులు, ‘నాన్నకు చెప్పకండి’ అని పిల్లలు, ఒకే రోజు ఒకే గదిలో నన్ను విడివిడిగా బతిమాలిన సందర్భాలున్నాయి. మీరు చెప్పడం మొదలుపెట్టకండి, అడగడం మొదలుపెట్టండి. ‘నాన్నా, నీకు ఏం జబ్బని నువ్వనుకుంటున్నావు?’ అని అడిగి, ఆయన చెప్పేదాకా ఆగండి. ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు వద్దు. మైలోమా పేరు, అది మళ్లీ వచ్చిందన్న సంగతి, మందులు ఇంకా ఉన్నాయన్న సంగతి, ఈ మూడూ చెబితే మొదటి రోజుకు చాలు. మీ నోట రాకపోతే, మీ సమక్షంలో డాక్టరు గారినే చెప్పమనండి. ఆయనకు అలవాటే.

ఫారం ఇంటికి ఇచ్చారంటే తొందరపెట్టడం లేదన్నమాట, అది మంచి లక్షణం. నాన్నగారే చదువుకోనివ్వండి, అర్థంకాని చోట పెన్నుతో గీత గీయమనండి. వచ్చే విజిట్‌కు బాబాయిగారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆయన అనుమానాలు ఇంట్లో మీతో కాకుండా డాక్టరు ముందే అడగనివ్వండి. అన్నీ విన్నాక నాన్నగారు వద్దంటే వద్దు.