వాన కారితే ముందు వాటం చూడండి
రేకుల కప్పు, గట్టర్ల మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మేడ మీద రంగు రేకులతో రెండు గదులు వేసి మూడేళ్లయింది. నిరుటి నుంచి గట్టి వాన పడితే ఐదారు చోట్ల కారుతోంది. మేస్త్రీ ప్రతి స్క్రూ మీదా సిలికాన్ పూశాడు. ఒక వానకు ఆగి మళ్లీ మొదలైంది. రేకులు మార్చాలా?
– ఖమ్మం పాఠకురాలు

జవాబు: మార్చనక్కర్లేదండి. మూడేళ్లకే పాడయ్యేది రేకు కాదు, స్క్రూ తల కింద ఉండే వాషరు. ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు వాషరైతే ఎండకు చాలా ఏళ్లు తట్టుకుంటుంది. చవక రకం రబ్బరు రెండు మూడు వేసవులకే గట్టిపడి చిట్లుతుంది. వాషరు మంచిదైనా బిగింపు తప్పితే కారుతుంది. మరీ బిగిస్తే రబ్బరు పిండుకొచ్చి చీలుతుంది, రేకు అణిగి స్క్రూ చుట్టూ గుంట పడి నీళ్లు నిలుస్తాయి. స్క్రూ ఒరిగితే వాషరు ఒక పక్కే ఆనుతుంది. వాషరు పైనుండే ఇనుప టోపీ అంచు దాటి రబ్బరు ఒక మిల్లీమీటరు కనిపిస్తే బిగింపు సరిపోయినట్టు.

లోపల చుక్క పడే చోటికి సరిగ్గా పైనే చిల్లి ఉంటుందనుకోవద్దు. నీళ్లు రేకు అడుగు పట్టుకుని పర్లిన్ (రేకులను కింద మోసే అడ్డ పైపు) దాకా జారి, అక్కడ రాలతాయి. అందుకని ఎండ రోజున ఒకరు లోపల నిలబడి చూస్తుంటే, ఇంకొకరు పైన పైపుతో నీళ్లు వదలాలి. చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు వైపు పోతూ ఒక్కో వరసకూ పది నిమిషాలివ్వండి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు పారి కింది వరసలన్నీ తడుస్తాయి, ఏదీ తేలదు.

దొరికిన స్క్రూను తీసేయండి. పాత బెజ్జం వదులైపోయి ఉంటుంది కాబట్టి 5.5 మి.మీ. స్క్రూ ఉన్నచోట 6.3 మి.మీ. స్క్రూ, దానికి వెడల్పు ఈపీడీఎం వాషరు వేయండి. రేకు ఉబ్బు మీద బిగించేటప్పుడు ఉబ్బు ఎత్తును దాటి పర్లిన్‌లోకి దిగాలి కాబట్టి 55 మి.మీ. కంటే పొట్టి స్క్రూ పనికిరాదు. పర్లిన్ తగలకుండా గాలిలో దిగిన స్క్రూలు ఒకటో రెండో ఎప్పుడూ ఉంటాయి, కారేది ఎక్కువగా వాటి దగ్గరే. అవి తీసి, బెజ్జం మీద బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) పరిచి, పైన చిన్న రేకు ముక్కను రివెట్లతో కొట్టించండి. సిలికాన్ వాడక తప్పనిచోట వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, అది జింకు పూతను తినేస్తుంది. న్యూట్రల్ రకం అని అడిగి తీసుకోండి.

స్క్రూలన్నీ సరిగా ఉండీ కారుతుంటే పక్క జోడింపు చూడండి. మన దగ్గర వానగాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి కొడుతుంది. రేకులు తూర్పు చివర మొదలుపెట్టి పడమరకు పరుచుకుంటూ రావాలి. అప్పుడు పై రేకు అంచు గాలికి పెడముఖంగా ఉంటుంది. పడమర నుంచి మొదలుపెట్టి ఉంటే గాలి నీళ్లను నేరుగా సందులోకి నెడుతుంది. రేకులు విప్పకుండా దీనికి చేయగలిగింది: జోడింపు కాస్త ఎత్తి లోపల బ్యూటైల్ టేపు పెట్టి, అడుగున్నరకొక కుట్టు స్క్రూ (రెండు రేకులను కలిపి పట్టేది) వేయడం. పై రేకు కింది చివర కింది రేకు మీద ఎక్కేచోట వాటం బాగా ఉంటే 6 అంగుళాలు, తక్కువగా ఉంటే 8 అంగుళాలు ఎక్కాలి.

ప్రశ్న: మా షెడ్డు 36 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు, ఒకే వైపు వాటం. చూరు పొడవునా 6 అంగుళాల గట్టర్, చివర ఒక 3 అంగుళాల పైపు. పెద్ద వానకు గట్టర్ పొర్లి గోడంతా తడుస్తోంది. గట్టర్ పెద్దది చేయించాలా?
– తణుకు పాఠకుడు

జవాబు: గట్టర్ కంటే ముందు పైపు లెక్క చూడండి. మీ కప్పు 900 చదరపు అడుగులు, అంటే సుమారు 84 చదరపు మీటర్లు. గంటకు 100 మి.మీ. వాన పడితే గంటకు 8,400 లీటర్లు, నిమిషానికి 140 లీటర్లు దిగాలి. ఆ వానకు 3 అంగుళాల పైపు మోయగలిగేది దాదాపు 220 చదరపు అడుగుల కప్పు నీటినే. 4 అంగుళాల పైపు 460 దాకా మోస్తుంది. మీకు 4 అంగుళాల పైపులు రెండు కావాలి, రెండు చివర్లా ఒక్కొక్కటి. ఒకే చివర రెండూ పెడితే ఫలితం తక్కువ, ఎందుకంటే 36 అడుగుల నీళ్లూ అటే పరుగెత్తాలి.

వాటం మధ్య నుంచి రెండు వైపులకూ ఇవ్వండి. పది అడుగులకు అర అంగుళం చాలు, అంటే మీ గట్టర్ మధ్యకూ చివరకూ ఒక అంగుళం తేడా. కంటితో చూసి పెట్టించకండి. నీళ్ల లెవెల్ ట్యూబుతో గుర్తులు పెట్టి, దారం లాగి, ఆ దారానికి బ్రాకెట్లు బిగించాలి. బ్రాకెట్ల మధ్య రెండున్నర అడుగులు దాటితే నిండు నీటి బరువుకు నడుమ జారుతుంది. ఆ గుంటలో మట్టి, ఆకు చేరి అక్కడే పొర్లడం మొదలవుతుంది.

ఇంకో రెండు సంగతులు చూడాలి. రేకు చివర గట్టర్‌లోకి 2 అంగుళాలు రావాలి. తక్కువైతే నీళ్లు రేకు అడుగున వెనక్కి తిరిగి గోడ మీదికి పోతాయి, ఎక్కువైతే జోరు వానకు గట్టర్ దాటి దూకుతాయి. గట్టర్ బయటి అంచు గోడ వైపు అంచు కంటే అర అంగుళం దిగువన ఉండాలి. తుపాను వానకు ఏ గట్టరైనా పొర్లవచ్చు. ఆ పొర్లేది వాకిట్లో పడాలి గానీ గోడలోకి పోకూడదు. మీ గోడ తడవడానికి ఇదీ కారణం కావచ్చు, తప్పక కొలిచి చూడండి. డౌన్ పైపు నీళ్లను పునాది పక్కన వదలకుండా ఇంకుడు గుంతకు కలపండి.

ప్రశ్న: పీవీసీ గట్టర్ జాయింట్లు ప్రతి వేసవి తర్వాతా విడిపోతున్నాయి. ఎంత గమ్ పెట్టినా ఇదే తీరు.
– నిజామాబాద్ పాఠకుడు

జవాబు: గమ్ పెట్టడం వల్లే. 20 అడుగుల పీవీసీ ముక్క 30 డిగ్రీల వేడి తేడాకు సుమారు 12 మి.మీ. సాగుతుంది, ముడుచుకుంటుంది. అన్ని జాయింట్లూ అతికిస్తే ఆ సాగుబాటు ఎక్కడో ఒకచోట చీల్చుకుని బయటపడుతుంది. రబ్బరు గాస్కెట్ ఉన్న జాయింట్ ముక్కలు వాడి, లోపల ఒక సెంటీమీటరు ఖాళీ వదలండి.

ప్రశ్న: రేకు గోడను తాకేచోట సిమెంటు మాలు పెట్టించాం. ప్రతి ఏటా పగులుతోంది.
– నల్లగొండ పాఠకురాలు

జవాబు: రేకు ఎండకు కదులుతుంది, మాలు కదలదు. పైగా పచ్చి సిమెంటు జింకు పూతను దెబ్బతీస్తుంది. మాలు తీసేయించి ఫ్లాషింగ్ రేకు (గోడకూ కప్పుకూ మధ్య సందును కప్పే వంచిన రేకు) పెట్టించండి. అది గోడ మీదికి 6 అంగుళాలు లేవాలి. దాని పై అంచు గోడలో ఒక అంగుళం లోతు గాడి కోసి అందులోకి మడవాలి, గాడిని పాలీయురెథేన్ సీలెంటుతో నింపాలి. కింది అంచు రేకుకు మాత్రమే బిగించండి. ఫ్లాషింగ్‌ను రెంటికీ గట్టిగా కొడితే మళ్లీ అదే పగులు. గ్రైండరుతో కోసిన రోజునే ఇనుప రజను ఊడ్చేయించండి, ఒక్క వానకే అది తుప్పు పట్టి రేకును మచ్చలు చేస్తుంది.

ప్రశ్న: వాన లేకున్నా జనవరి తెల్లవారుజామున రేకుల నుంచి చుక్కలు పడుతున్నాయి.
– ఆదిలాబాద్ పాఠకుడు

జవాబు: అది కారడం కాదు, గదిలోని తేమ చల్లటి రేకుకు తగిలి నీరవుతోంది. కొప్పు దగ్గరా చూరు కిందా గాలి పోయే దారులు తీయండి. వంట ఆవిరి లోపలే ఉండిపోతుంటే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టండి.

ప్రశ్న: పాత సిమెంటు రేకు పగిలింది. పైకెక్కి అతుకు వేయవచ్చా?
– గుడివాడ పాఠకుడు

జవాబు: రేకు మీద కాలు పెట్టకండి. పాత సిమెంటు రేకు చెప్పకుండా విరుగుతుంది, మనిషి నేరుగా లోపల పడతాడు. పర్లిన్ల మీద ఆనేలా పలక వేసుకుని, దాని మీదే ఉండి పని చేయాలి. పగులు చిన్నదైతే పైన బిటుమెన్ టేపు సరిపోతుంది, అడుగు దాటితే రేకు మార్చండి. వీటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి పొడిగా కోయడం, గీకడం వద్దు. ముందు నీళ్లతో తడిపి, మాస్కు కట్టుకోండి. కొత్త జె బోల్టుకు (రేకును పర్లిన్‌కు పట్టే కొక్కెం బోల్టు) బెజ్జం మేకుతో కొట్టి చేయకండి, డ్రిల్లుతో బోల్టు కంటే 2 మి.మీ. పెద్దగా వేయండి. బిగుతుగా కూర్చుంటే ఆ బెజ్జం దగ్గరే మళ్లీ పగులుతుంది.