‘యాప్‌లో మీరే ఒప్పుకున్నారు’ అని ఓటీ (ఓవర్‌టైమ్ కూలి) ఎగ్గొట్టవచ్చా?

ప్రశ్న: ఏజెన్సీ తరఫున ఒక ఫ్యాక్టరీ ప్యాకింగ్ విభాగంలో తాత్కాలికంగా పనిచేస్తున్నాను. వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు. అదనపు షిఫ్టులు ఏజెన్సీ యాప్‌లో పెడతారు, ముందు నొక్కినవాళ్లకు దక్కుతాయి. వాటికీ మామూలు రేటే కడుతున్నారు. అడిగితే ‘యాప్‌లో మీరే ఒప్పుకున్నారు కదా’ అంటున్నారు. పైగా నెలాఖరుకు కొన్ని గంటలు తగ్గిపోతున్నాయి. నాకు ఓటీ రాదా?

జవాబు: వస్తుంది. మీరు ఒప్పుకున్నది అదనపు పనికి, తక్కువ కూలికి కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ (కార్మిక చట్టం) 27వ సెక్షన్ ప్రకారం ఓటీ చేయించాలంటే కార్మికుడి సమ్మతి కావాలి, రెట్టింపు రేటూ ఇవ్వాలి. సమ్మతి ఉంది కాబట్టి రెట్టింపు అక్కర్లేదనడం తలకిందుల వాదన. హక్కు వదులుకుంటున్నట్టు యాప్ షరతుల్లో రాసుకున్నా వేతనాల కోడ్ 60వ సెక్షన్ కింద అది చెల్లదు. ఆ తేదీకి ముందు చేసిన ఓటీకి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ఉంది, అక్కడా రెట్టింపే.

రోజువారీ పరిమితి రాష్ట్ర నిబంధనలను బట్టి మారుతుంది కాబట్టి వారం లెక్క చూద్దాం. 48 గంటలు పోను మరో 8 గంటలు చేశారనుకుందాం. గంటకు 100 రూపాయలైతే ఆ 8 గంటలకు రావలసింది 1,600. మీకిచ్చింది 800.

గంటలు తగ్గడానికి మోసమే కారణం కానక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అమరిక కూడా కావచ్చు. మామూలు షిఫ్టును, అదనపు షిఫ్టును విడివిడి ఎంట్రీలుగా పెట్టి కూడకపోతే ఓటీ పుట్టదు. అర్ధరాత్రి దగ్గర ఇంకో చిక్కు. మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా చేసి, తెల్లవారుజామున 2 వరకు పొడిగిస్తే, చివరి రెండు గంటలను యాప్ మర్నాటి ఖాతాలో వేస్తుంది. వారం చివరి రోజైతే అవి వచ్చే వారంలోకి జారిపోతాయి. వృత్తి భద్రత కోడ్ 28వ సెక్షన్ మాత్రం అర్ధరాత్రి దాటిన గంటలను ముందురోజులోనే కలపమంటుంది. ముందు మీ పే స్లిప్పులో ఇదే వెతకండి.

షిఫ్టు ఖరారైనప్పుడు ఒకటి, పని ముగిశాక గంటలు కనిపించే తెరది ఒకటి, తేదీ, సమయం పడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఎస్ఎంఎస్‌లు చెరపవద్దు, ఫోన్ మార్చినా పాతది అమ్మేయవద్దు. కోర్టులో వీటిని దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ జతచేయాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే పెట్టి చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

తర్వాత ఏజెన్సీకీ, ఫ్యాక్టరీ యాజమాన్యానికీ విడిగా రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి. వారాలవారీ గంటల పట్టికతో పాటు, ఏ ఎంట్రీని ఎవరు ఎప్పుడు దిద్దారో చూపే లాగ్ కూడా అడగండి. ఏజెన్సీ కట్టకపోతే వేతనాల కోడ్ 43వ సెక్షన్ కింద ఫ్యాక్టరీ యజమాని బాధ్యుడు.

అప్పటికీ కదలకపోతే అదే కోడ్ 45వ సెక్షన్ కింద కార్మిక శాఖ అధికారి ముందు క్లెయిము వేయండి. గడువు మూడేళ్లు. బకాయికి పదిరెట్ల దాకా పరిహారం విధించే అధికారం ఆయనకుంది. డబ్బు చెల్లించామని రుజువు చేసుకోవలసింది యజమానే, కానీ ఆ గంటలు పనిచేశారని తొలి ఆధారం చూపాల్సింది మీరు.